గనులు మూతపడ్డ చోట పొయ్యిలు వెలిగాయి: ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో ఎక్కడ, ఏమి తినాలి?

(కుప్పం విలేఖరి)

కోలారు బంగారు గనుల్లో పని చేసి వచ్చిన వారు మన ప్రాంతంలో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వారిని కదిలిస్తే తమ తండ్రులు, తాతలు చెప్పిన దొరల ముచ్చట్లు పూసగుచ్చినట్లు చెబుతారు. అయితే ఆ దొరల్లో చాలామంది ఇంగ్లండులోని ఒకే జిల్లా నుంచి వచ్చినవారన్న సంగతి కొద్దిమందికే తెలుసు. ఆ జిల్లా పేరు కార్న్‌వాల్. వారు కౌంటీ అనేది మన జిల్లా వంటిదే.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ కోలారులో గనుల పని చేపట్టింది. భూమిని తొలిచి, నీటిని తోడి, రాతిని పైకి తెచ్చే విద్యలో ఆరితేరిన కార్న్‌వాల్ వారిని రప్పించింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి వెళ్లిన మన కూలీలు వారి చేతి కింద పని చేశారు.

అదంతా పాత కథ. ఇప్పుడు ఆ ప్రస్తావన ఎందుకంటే, మా ఊరి కుర్రవాడొకడు గనుల చదువు కోసం ఆ కార్న్‌వాల్‌కే వెళ్లాడు. కాంబోర్న్ గనుల కళాశాల అని ఒకటి ఉంది. ఇప్పుడది ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో భాగంగా పెన్రిన్ అనే ఊళ్లో నడుస్తోంది. కుర్రవాడు వెళ్లిన వారానికే తల్లికి ఫోను చేసి, ఆకలేసి కొట్లో ఏదో కజ్జికాయ లాంటిది కొనుక్కుని తిన్నాననీ, తీరా సగం తిన్నాక అందులో ఉన్నది గొడ్డుమాంసమని తెలిసిందనీ బాధపడ్డాడు. వాళ్లింట్లో అది తినరు. ఆ తల్లి మరునాడే ఈ విలేఖరి ఇంటికి వచ్చింది.

"ఏం నాయనా, పేపరుకు రాసేవాడివి కదా. ఆడ మనోళ్లు తినేది ఏం దొరకతాదో, యాడ దొరకతాదో కొంచెం కనుక్కోని చెప్పు" అని అడిగింది.

ఈ విలేఖరి కార్న్‌వాల్ చూసినవాడు కాదు. పుస్తకాలు తిరగేసి, తెలిసినవారిని అడిగి సేకరించిన సంగతులివి. ఆ తల్లి ఒక్కతే కాదు, బిడ్డలను ఇంగ్లండుకు పంపుతున్న తల్లిదండ్రులు జిల్లాలో ఇంకా చాలామంది ఉన్నారు గనుక అందరికీ పనికి వస్తాయని ఇక్కడ ఇస్తున్నాం.

ఎక్కడుంది?

ఇంగ్లండు పటంలో నైరుతి మూలన సముద్రంలోకి చాచిన కాలు లాంటి నేల కార్న్‌వాల్. మూడు వైపులా సముద్రం. నాలుగో వైపు టేమర్ అనే నది. ఆ నది దాటితే డెవన్ జిల్లా. విస్తీర్ణంలో మన పాత చిత్తూరు జిల్లాలో నాలుగో వంతుకు కాస్త తక్కువ. 2021 జనాభా లెక్కల ప్రకారం సుమారు 5 లక్షల 70 వేల మంది ఉన్నారు. ట్రూరో ముఖ్యపట్టణం. జిల్లాలో ఎక్కడ నిలబడినా సముద్రం ముప్పయి కిలోమీటర్ల లోపే ఉంటుంది. అందుకే అక్కడి భోజనంలో పొలం ఎంతో సముద్రమూ అంతే.

లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కితే దాదాపు అయిదు గంటల్లో చివరి స్టేషన్ పెంజాన్స్ చేరవచ్చు. రాత్రి పడుకుని వెళ్లే రైలు కూడా ఉంది. దారిలో టేమర్ నదిని దాటించే వంతెనను బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టగా 1859లో ప్రారంభమైంది. నేటికీ రైళ్లు దానిమీదే నడుస్తున్నాయి.

గని కూలీ సద్దిమూట

కార్న్‌వాల్ పేరు చెప్పగానే ఇంగ్లండులో ఎవరికైనా గుర్తొచ్చే తిండి 'పాస్టీ'. మా ఊరి కుర్రవాడు పొరపాటున తిన్నది ఇదే. ఆకారంలో మన కజ్జికాయను పోలి ఉంటుంది. కాని అరచేతి కన్న పెద్దది. నూనెలో వేయించరు, ఓవెన్‌లో నిదానంగా కాలుస్తారు. గోధుమ పిండి రేకులో పచ్చి గొడ్డుమాంసం ముక్కలు, ఉర్లగడ్డ, ఉల్లిపాయ, నూల్‌కోలును పోలిన స్వీడ్ అనే దుంప పెట్టి, ఉప్పు, మిరియాల పొడి చల్లి, రేకు మడిచి అంచును జడలా అల్లుతారు. లోపలి సరుకు ఆవిరిలోనే ఉడుకుతుంది.

పొద్దున గనిలోకి దిగితే సాయంత్రం వరకు పైకి రాని తగరపు గని కూలీలకు ఇల్లాలు కట్టి ఇచ్చిన సద్ది ఇది. మన పెద్దలు కోలారుకు రాగి సంగటి ముద్ద, ఊరిబిండి కట్టుకుని పోయినట్లే వారు దీన్ని జేబులో పెట్టుకుని పోయేవారు. పళ్లెం అక్కరలేదు, చెంచా అక్కరలేదు. ఎవరిది ఎవరికో పోకుండా ఒక మూలన పేరు మొదటి అక్షరం పిండితో అద్దేవారు. గని మట్టిలో ఉండే పాషాణం చేతులకు అంటుకుంటుంది గనుక, అల్లిన అంచును పట్టుకుని తిని ఆ అంచును పారవేసేవారని ఒక కథ చెబుతారు. అది నిజం కాదని, కష్టజీవులు అంత పిండిని పారవేసి ఉండరని వాదించేవారూ ఉన్నారు. పొద్దుటి పని నడుమ తినే తిండిని అక్కడి పాత మాటలో 'క్రౌస్ట్' అంటారు. మన సద్ది అన్నమాట.

కార్న్‌వాల్ కూలీలు పొట్ట చేతపట్టుకుని ప్రపంచమంతా తిరిగారు. వారు వెళ్లిన చోటికల్లా పాస్టీ కూడా వెళ్లింది. మెక్సికోలో రియల్ డెల్ మాంటే అనే వెండి గనుల ఊరికి 1820లలో వెళ్లినవారు నేర్పిన పాస్టీ అక్కడ మిరపకాయ కలుపుకుని 'పాస్తే' అయి నేటికీ వీధివీధినా అమ్ముడవుతోంది. అమెరికాలోని మిషిగన్‌లోనూ, దక్షిణ ఆస్ట్రేలియాలోనూ ఇదే కథ.

2011లో యూరోపియన్ యూనియన్ ఈ తిండి పేరుకు చట్టరక్షణ ఇచ్చింది. బ్రిటన్ ఆ కూటమి నుంచి వైదొలగిన తర్వాత కూడా ఆ రక్షణ బ్రిటన్ చట్టం కింద కొనసాగుతోంది. కార్న్‌వాల్ జిల్లాలో తయారై, అంచు పక్కన అల్లి ఉండి, మాంసం కనీసం 12.5 శాతం, కూరగాయలు కనీసం 25 శాతం ఉంటేనే 'కార్నిష్ పాస్టీ' అన్న పేరు పెట్టి అమ్మాలి. మన తిరుపతి లడ్డూకు 2009లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపు లాంటిదే ఇది.

ఎక్కడ తినాలి అంటే, పెద్ద హోటలు కన్న ఊరి బేకరీయే మేలు. హేల్ అనే రేవు ఊళ్లో ఫిల్ప్స్, లిజార్డ్ అనే దక్షిణపు కొసన ఆన్స్, పాడ్‌స్టో రేవులో చఫ్ బేకరీ పేరున్నవి. ధర సుమారు 5 పౌండ్లు. పౌండు మన డబ్బులో వంద రూపాయల పైమాటే గనుక మనకు ఎక్కువగా తోచవచ్చు గాని, ఒక పాస్టీతో ఒక పూట గడిచిపోతుంది.

సముద్రం ఒడ్డున తినేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. సెయింట్ ఐవ్స్ వంటి ఊళ్లలో సముద్రపు కాకులు పైనుంచి దూకి చేతిలోని తిండిని తన్నుకుపోతాయి. తిరుమలలో కోతుల సంగతి తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

చేపలకు పెట్టింది పేరు

పెంజాన్స్ పక్కనే ఉన్న న్యూలిన్ ఇంగ్లండులోని పెద్ద చేపల రేవుల్లో ఒకటి. అక్కడ దొరికే ఒక చిన్న చేప కథ వినదగినది. మన కోస్తాలో కవళ్లు అంటారే, ఆ జాతి చేపను అక్కడ తరతరాలుగా 'పిల్చర్డ్' అనేవారు. పాత పేరు వింటే పాత డబ్బా చేప గుర్తొచ్చి జనం కొనడం మానేశారు. అప్పుడు అదే చేపకు 'కార్నిష్ సార్డిన్' అని పేరు పెట్టి అమ్మితే గిరాకీ తిరిగి వచ్చింది. దీనికీ చట్టరక్షణ లభించింది.

న్యూలిన్‌కు దగ్గరలోని మౌస్‌హోల్ అనే పల్లెలో ఏటా డిసెంబరు 23న వింత వంటకం వండుతారు. పేరు 'స్టార్‌గేజీ పై'. చేపల తలలు పిండి రొట్టెలోంచి పైకి చూస్తూ ఉంటాయి. తుపానుల వల్ల పడవలు కదలక ఊరంతా పస్తులున్న ఒక చలికాలంలో టామ్ బాకాక్ అనే జాలరి ప్రాణాలకు తెగించి చేపలు పట్టి తెచ్చాడని, ఆ రోజును తలచుకుంటూ ఈ పండుగ చేస్తారని ఐతిహ్యం. రేవు పక్కనే ఉన్న షిప్ ఇన్ అనే పబ్బు ఈ వేడుకకు కేంద్రం.

ఉత్తర తీరాన పాడ్‌స్టో ఊరి కథ వేరు. 1975లో రిక్ స్టైన్, ఆయన భార్య జిల్ అక్కడ చేపల వంటలకు 'సీఫుడ్ రెస్టారెంట్' తెరిచారు. తర్వాత ఆయన టీవీలో వంటల కార్యక్రమాలు చేసి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. 2013లో మన దేశమంతా తిరిగి ఇక్కడి కూరల మీద కూడా కార్యక్రమం చేశారు. ఒకే ఊళ్లో ఆయన హోటళ్లు, బేకరీ, చేపల దుకాణాలు పెరగడంతో ఊరిని వేళాకోళంగా 'పాడ్‌స్టైన్' అనేవారు కూడా ఉన్నారు. అదే ఊళ్లో పాల్ ఐన్స్‌వర్త్ అనే వంటవాని హోటలు మిషెలిన్ నక్షత్రం పొందింది. మిషెలిన్ అంటే టైర్ల కంపెనీయే. బండ్లు తిరిగితేనే టైర్లు అరుగుతాయని 1900లో ప్రయాణికుల పుస్తకం మొదలుపెట్టి, 1926 నుంచి మంచి హోటళ్లకు నక్షత్రాలు ఇస్తోంది. ఇటువంటి చోట్ల ముందుగా బల్ల రిజర్వు చేసుకోవాలి. బిల్లు మన రైతు నెల ఖర్చుతో పోటీ పడుతుంది. పాడ్‌స్టోకు రైలు లేదు. 1967లో ఆపివేశారు. పాత రైలుకట్ట ఇప్పుడు సైకిళ్ల బాట. బాడ్మిన్ స్టేషన్‌లో దిగి బస్సులో వెళ్లాలి.

చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారికి 'ఫిష్ అండ్ చిప్స్' దుకాణాలున్నాయి. పిండిలో ముంచి వేయించిన చేప, లావుపాటి ఉర్లగడ్డ ముక్కలు. పొట్లం కట్టించుకుని గోడ మీద కూర్చుని తినవచ్చు.

మీగడ ముందా, జాం ముందా?

మధ్యాహ్నం పూట టీ కొట్లో 'క్రీం టీ' అడిగితే టీతో పాటు స్కోన్ అనే మెత్తని చిన్న రొట్టెలు, స్ట్రాబెరీ జాం, గడ్డ మీగడ ఇస్తారు. కార్న్‌వాల్ వారు ముందు జాం పూసి దాని మీద మీగడ వేస్తారు. నది అవతలి డెవన్ వారు ముందు మీగడ, తర్వాత జాం. ఈ విషయమై రెండు జిల్లాల వారు సరదాగా ఏళ్ల తరబడి తగవులాడుతూనే ఉన్నారు.

ఈ మీగడ చేసే తీరు మన పల్లె ఆడవారికి కొత్తది కాదు. దాలిగుంటలో పిడకల సెగ మీద పాలు కాగి పైన ఎర్రటి మీగడ కట్టినట్లే, వారు వెడల్పు పాత్రల్లో సన్న సెగ మీద మీగడను కాచి నెమ్మదిగా ఆరబెడతారు. పసుపుపచ్చ పొర కడుతుంది. అందులో కొవ్వు 55 శాతానికి తగ్గరాదు. ఈ పేరుకు 1998లోనే చట్టరక్షణ వచ్చింది. రెడ్రూత్ దగ్గర రాడాస్ అనే కుటుంబం 1890 నుంచి ఇదే వ్యాపారం చేస్తోంది. ట్రూరో దగ్గర ట్రెగోత్నన్ అనే ఎస్టేటులో ఏకంగా టీ తోటే వేసి, 2005 నుంచి ఇంగ్లండులో పండిన టీ అమ్ముతున్నారు. కుంకుమ పువ్వు వేసిన పచ్చని తీపి బన్ను కూడా ఇక్కడి పాత అలవాటే. శాకాహారులకు ఈ టీ కొట్లు నిశ్చింతగా కూర్చోదగిన చోట్లు.

తినని వారు ఏమి చూసుకోవాలి?

మన వారు మోసపోయేది మాటల దగ్గరే. 'కార్నిష్ పాస్టీ' అని రాసి ఉంటే అందులో గొడ్డుమాంసం తప్పక ఉంటుంది. చట్టమే అలా ఉంది. వద్దనుకునేవారు 'చీజ్ అండ్ ఆనియన్' పాస్టీ గాని, కూరగాయల పాస్టీ గాని అడగాలి. దాదాపు ప్రతి బేకరీలో ఉంటాయి. పై రేకులో పంది కొవ్వు కలిపే ఆచారం కూడా ఉంది గనుక, పాలు సైతం కలవని 'వీగన్' పాస్టీ అయితే ఏ అనుమానమూ ఉండదు.

చేప తింటాం గదా అని చేపల దుకాణానికి వెళ్లినా ఒక మాట అడగాలి. కొన్ని చోట్ల నూనెకు బదులు గొడ్డు కొవ్వులో వేయిస్తారు. 'బీఫ్ డ్రిప్పింగ్' అంటే అదే. 'హాగ్స్ పుడింగ్' అని ఉంటే తీపి పదార్థమనుకోరాదు, అది పంది మాంసంతో చేసేది. పబ్బుల్లో తొక్కతో కాల్చిన పెద్ద ఉర్లగడ్డను చీల్చి, చిక్కుడు గింజలో చీజో వేసి ఇస్తారు. చవక, కడుపు నిండుతుంది. అక్కడ పబ్బు అంటే మన సారా అంగడి వంటిది కాదు. పిల్లాపాపలతో వెళ్లి భోజనం చేసే చోటు. తాగి తీరాలన్న నియమం లేదు. చాలా పబ్బుల్లో కౌంటరు దగ్గరికి మనమే వెళ్లి చెప్పి డబ్బు కట్టాలి. వంటిల్లు మధ్యాహ్నం రెండు, రెండున్నరకే కట్టేస్తారు. మళ్లీ సాయంత్రం ఆరుకు గాని తీయరు. చలికాలంలో చిన్న ఊళ్లలో కొన్ని హోటళ్లు అసలే తెరవరు.

ట్రూరో, ఫాల్మత్, పెంజాన్స్‌లలో ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. అయితే బ్రిటన్‌లో ఆ పేరుతో నడిచేవి చాలావరకు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వారివి. మన పప్పు, పులుసు దొరుకుతాయని ఆశ పడరాదు. వండుకోగల వారికి అదే ఉత్తమం. పల్లె దారుల్లో రైతులు తమ ఇంటి ముందు కూరగాయలు, కోడిగుడ్లు పెట్టి పక్కన ఒక డబ్బా ఉంచుతారు. మనిషి ఉండడు. ధర చూసి డబ్బు వేసి సరుకు తీసుకోవడమే. కాలీఫ్లవర్, ఉర్లగడ్డ ఆ జిల్లాలో బాగా పండుతాయి.

వినియోగదారుని హక్కులు

ప్రతి హోటలుకు స్థానిక కౌన్సిలు అధికారులు తనిఖీ చేసి శుభ్రతకు 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. 5 అంటే చాలా బాగున్నట్లు. ఆ కాగితం తలుపు మీద అంటించాలన్న నిర్బంధం వేల్స్‌లో ఉంది గాని ఇంగ్లండులో లేదు. కనబడకపోతే అడిగి తెలుసుకోవచ్చు.

సారా లైసెన్సున్న చోట మంచినీళ్లు అడిగితే ఉచితంగా ఇచ్చి తీరాలి. సీసా నీళ్లు కొనక్కరలేదు. 'ట్యాప్ వాటర్' అని అడిగితే చాలు. ఒంటికి పడని 14 రకాల పదార్థాలు ఏ వంటలో ఉన్నాయో చెప్పాలి. వాటిలో మన జిల్లా పంట వేరుశనగ కూడా ఉంది. అక్కడ కొందరికి ఒక్క గింజ ప్రాణాంతకం. నువ్వులు కలిసిన రొట్టె తిని 2016లో నతాషా అనే బాలిక చనిపోగా, 2021 నుంచి ముందే కట్టి ఉంచిన పొట్లాల మీద సరుకులన్నీ రాయాలని చట్టం చేశారు.

బిల్లులో పన్ను కలిసే ఉంటుంది. కొన్ని చోట్ల 10 నుంచి 12.5 శాతం సర్వీసు ఛార్జి కలుపుతారు. నచ్చకపోతే తీసేయమనవచ్చు. చదువుకునే కుర్రవాళ్లు హోటళ్లలో వడ్డన పనికి కుదురుతుంటారు. డిగ్రీ చదువుల వీసాపై వెళ్లినవారు చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. 2024 అక్టోబరు 1 నుంచి వచ్చిన చట్టం ప్రకారం టిప్పు మొత్తం పనివారికే చెందాలి. యజమాని దాచుకోరాదు.

దీపం కింద చీకటి

ఇదంతా చదివి కార్న్‌వాల్ సిరిసంపదలతో తులతూగుతోందని అనుకుంటే పొరపాటు. తగరం ధర పడిపోయి గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గీవర్ గని 1990లో, చివరిదైన సౌత్ క్రాఫ్టీ 1998లో ఆగిపోయాయి. యూరోపియన్ యూనియన్ తన అత్యంత పేద ప్రాంతాల కిచ్చే సహాయం 2000 నుంచి ఈ జిల్లాకు అందించింది. గీవర్‌ను మ్యూజియంగా మార్చారు. 2006లో ఆ గనుల ప్రాంతం యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది. కాంబోర్న్ దగ్గరి కింగ్ ఎడ్వర్డ్ గని మ్యూజియంలో ఫలహారశాల పేరు 'క్రౌస్ట్ హట్'. సద్ది గుడిసె! తాతలు సద్ది తిన్న చోటే మనుమలు యాత్రికులకు టీ అమ్ముతున్నారు.

అయితే యాత్రికులు వచ్చారు, వారితో ఇళ్ల ధరలూ వచ్చాయి. డబ్బున్నవారు సముద్రం కనబడే ఇళ్లు కొని ఏడాదిలో కొన్ని వారాలు మాత్రం ఉండి పోతారు. ఊళ్లో పుట్టిన జాలరి కొడుకు అక్కడ ఇల్లు కొనలేడు. హోటల్లో వడ్డించే అమ్మాయికి అద్దె గది దొరకదు. సెయింట్ ఐవ్స్ ప్రజలు 2016లో ఓటింగు జరిపి, కొత్తగా కట్టే ఇళ్లు అక్కడే కాపురముండే వారికే దక్కాలని తీర్పు చెప్పారు. 2025 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి మీద కౌన్సిలు పన్నును రెట్టింపు చేశారు. వాటర్‌గేట్ బేలో పేద యువకులకు వంట నేర్పుతూ 2006లో ప్రారంభమైన పేరుమోసిన 'ఫిఫ్టీన్' హోటలు 2019లో మూతపడింది. వేసవి గిరాకీ మీద బతికే ఊళ్లకు చలికాలం గడ్డుకాలమే.

ఈ సంగతులన్నీ కాగితం మీద రాసుకుని ఆ తల్లికి చదివి వినిపించాను. కొడుకు ఏమి అడగాలో, ఏమి వద్దనాలో రెండుసార్లు చెప్పించుకుని ఫోనులో అప్పజెప్పింది. కుర్రవాడు ఇప్పుడు చీజ్, ఉల్లిపాయ పాస్టీకి అలవాటు పడ్డాడట. మిరపపొడి మాత్రం ఇంటి నుంచి పోవాల్సిందే.

వెళ్తూ వెళ్తూ ఆమె గడపలో ఆగింది. ఆమె మామ కోలారు గనిలో పని చేసినవాడు. కోలారుతో పాటు మన గుడుపల్లె పక్కనున్న చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా 2001లో మూతపడ్డాయి. అప్పుడే ఆమె భర్త బెంగళూరు రైలెక్కాడు.

"ఆడ గనులు మూసినాక, తినేదానికి రాండని లోకాన్నంతా పిలస్తా ఉండారు. మనూర్లో మాత్రం సంగటి చేసే చెయ్యి ఉంది, తినేవాళ్లే బండెక్కి పోయినారు" అంది.

ఈ విలేఖరి దగ్గర దానికి జవాబు లేదు.